పట్టికలో లేని పొగ

2001 జూలై 15, ఆదివారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలు. మబ్బు పూర్తిగా కమ్ముకొని ఉంది. వాన లేదు, గాలి లేదు. ముందురోజు సాయంత్రం మేడమీద ఆరవేసిన లేతపసుపు వెంకటగిరి చీరను మా ఆవిడ కిందికి తెచ్చి, నేను చదువుకుంటున్న పత్రిక మీదనే పరిచింది. చీర నిండా మసి నలుసులు.

"లెక్కపెట్టండి. మీకు లెక్కలంటే ఇష్టం కదా," అన్నది.

జానెడు మేర లెక్కపెట్టాను. ముప్పైనాలుగు వచ్చాయి.

ఆ మసి ఎక్కడిదో ఇద్దరికీ తెలుసు. అమీర్‌పేటలో మా పదహారు ఫ్లాట్ల భవనానికి వెనుక, పంజాగుట్ట వైపు దారి తీసే సందులో ఒక బేకరీ ఉండేది. దాని భట్టిని యజమాని తండ్రి కట్టించాడు. తెల్లవారుజామున మూడింటికి అందులో తుమ్మకట్టె పేర్చి నిప్పు పెట్టేవారు. ఇటుకలు ఎర్రబడ్డాక బొగ్గులు లాగివేసి, ఆ వేడి మీదనే బన్నులూ బిస్కెట్లూ కాల్చేవారు. వేసవిలో పొగ పైకి పోయేది. ముసురు పట్టినప్పుడు, తడిసిన కట్టె వేసినప్పుడు, అది కదలకుండా మా మేడమీదనే కూర్చునేది. యజమాని నాకు ఇరవై ఏళ్లుగా స్నేహితుడు. ఆఫీసు నుంచి వచ్చి బస్సు దిగగానే నా మొదటి టీ అతని గల్లాపెట్టె పక్కనే.

భవన సంఘానికి నేను కార్యదర్శిని. భట్టి మూయించమని మునిసిపాలిటీకి అర్జీ పంపాలని ఆ వారమే ఏడుగురు యజమానులు సంతకాలు చేసి నన్ను అడిగారు. వారిలో మొదటి సంతకం మా ఆవిడది. ఫ్లాటు ఆమె పేర ఉన్నది. అర్జీ వెళ్తే భట్టి ఆగిపోతుందని బేకరీ యజమానికి ఖాయంగా తెలుసు. డీజిల్ భట్టి పెట్టే స్తోమత అతనికి లేదు. అతనూ, ఐదుగురు పనివాళ్లూ ఆ ఇటుకల వేడి మీదనే బతుకుతున్నారు. పై అంతస్తుల్లో అద్దెకుండి కంప్యూటరు కోర్సులు చేసే కుర్రాళ్లు భట్టి ఉండాలన్నారు గాని, వాళ్లకు ఓటు లేదు.

నా ఉద్యోగం కూడా ఆ రోజుల్లో పొయ్యిల చుట్టూనే తిరిగేది. మాసబ్ ట్యాంక్ దగ్గరి ప్రభుత్వ కార్యాలయంలో, సంప్రదాయేతర ఇంధన విధానానికి బయోమాస్ మీద ఒక నివేదిక తయారుచేస్తున్నాను. వరి ఊక, వేరుశెనగ పొట్టు, పత్తికట్టె, తుమ్మ: ఏది ఎంత పండుతుంది, ఎంత వాడుకలో ఉంది, కరెంటు తయారీకి ఎంత మిగులుతుంది. జిల్లాల వారీ పట్టికలు. గాలి, ఎండ వరుసలోనే కట్టెనూ పునరుత్పాదక ఇంధనమని రాశాము. ఊరూరా ఉన్న చిన్న పొయ్యిలన్నిటినీ "ఇతర వినియోగాలు" అనే ఒక్క గడిలో వేశాము. నా స్నేహితుడు ఆ గడిలో ఉన్నాడని ఆ సోమవారమే గమనించాను. పొగకు గడి లేదు.

ఆ సంగతి అతనికి చెప్పాను. అతను టీ గ్లాసు కింద పెట్టి నవ్వాడు.

"అంటే నేను సుత కరెంటు ప్లాంటోళ్ల లెక్కనే అన్నట్టు. అయితే జర ఒక చిట్టీ రాసియ్యి సాబ్. గవర్నమెంటు మెచ్చిన భట్టి అని గోడకు అతికిస్త."

"చిట్టీ రాసిస్తే పొగ ఆగుతుందా?"

"పొగ ఆగదు. నోళ్లు ఆగుతయ్."

చిట్టీ రాయలేదు. దానికి బదులు, సనత్‌నగర్‌లో ఒక వర్క్‌షాపు వేరుశెనగ పొట్టునూ రంపపు పొట్టునూ యంత్రంలో గట్టిగా నొక్కి చేసే బ్రికెట్ల గురించి చెప్పాను. ఎండు కట్టె కన్నా తక్కువ పొగ వస్తుందని మా నివేదికలోనే రాశాము. అర్జీ సంగతి ఓటుతో తేల్చే సంఘం సమావేశం ఆగస్టు 12న. అప్పటిదాకా పరీక్షించి చూద్దామన్నాను. ఆటో ట్రాలీలో మొదటి సరుకు వచ్చింది. అతను ఒకటి చేతిలోకి తీసుకొని తిప్పి చూశాడు.

"గిది కట్టెనా, రస్కా? చాయ్‌ల ముంచుకొని తినేటట్టున్నది."

వాటిని తండ్రి కాలం నుంచి కట్టె పేర్చే చోటనే, పెరట్లో గోడ వారగా పేర్పించాడు. కట్టె వానకు తడిస్తే ఆరుతుంది, బ్రికెట్టు ఆరదు. ఆ రాత్రి గంటసేపు కురిసింది. తెల్లవారి పనివాడొకడు వచ్చి నన్ను పిలుచుకొని పోయాడు. గోడ పక్కన మోకాలెత్తు పొట్టు కుప్ప, దాని ముందు నడుం మీద చేతులు పెట్టుకొని నా స్నేహితుడు.

"సూడు సాబ్. నీ సర్కారు కట్టె ఉప్మా అయింది. పోపు పెట్టుడే బాకీ."

రెండో సరుకు తెప్పించాలంటే పొడిచోటు కావాలి. బేకరీలో మైదా బస్తాలకే చోటు చాలదు. ఆ పూట భోజనాల దగ్గర ఈ సంగతి చెబితే మా ఆవిడ నాకు మజ్జిగ పోసింది. తర్వాత, "మన పార్కింగులో పెట్టుకోమనండి. స్కూటరు బయట ఉంటే కరిగిపోదు," అన్నది.

"అర్జీ మీద మొదటి సంతకం నీది."

"అది తీసేయమన్నానా ఏంటి? తగువు తగువే. తడిసిన సరుకుతో పరీక్ష పెడితే ఓడిపోయానని ఆయన ఎందుకు ఒప్పుకుంటారు?"

మరునాడు సరుకు దింపుతుండగా ఆమె మెట్ల మీద నిలబడి చూసింది.

"భాయ్ గారూ, మీ బిస్కెట్ల మీద నాకేం కోపం లేదండీ. నా చీరలక్కూడా అదే రంగు వేస్తున్నారు, అదీ సంగతి."

"రంగుకు పైసల్ తీసుకుంటలేను గద భాభీ," అన్నాడతను. ఆమె నవ్వు దాచుకోవటానికి లోపలికి పోయింది.

మొదటి రోజు బన్నులు మాడాయి. కట్టె వేడి దిగినంత త్వరగా ఈ వేడి దిగలేదు. మూడో రోజుకు ఎన్ని వేయాలో, ఎప్పుడు లాగాలో పనివాళ్లకు కుదిరింది. పొగ కొలిచే సాధనం నా దగ్గర లేదు. పాత తెల్ల పంచె ఒకదాన్ని సమానంగా ఆరు ముక్కలు చేశాను. మూడు రోజులు కట్టె, మూడు రోజులు బ్రికెట్లు వేయించాను. రోజుకొక ముక్కను నిప్పు పెట్టక ముందే మేడమీద ఒకే చోట కట్టి, ఆరింటికి విప్పి, మూలన తేదీ వేసి ఆమెకు ఇచ్చాను. ఏ తేదీన ఏది కాల్చారో చెప్పలేదు. నలుసులు లెక్కపెడతానంటే ఆమె ఒప్పుకోలేదు.

"నలుసు పడటం కాదండీ, ఉతికితే పోవటం ముఖ్యం," అన్నది.

ఆరింటినీ ఒకే సబ్బుతో ఒకేసారి ఉతికింది. మూడు తెల్లబడ్డాయి. మూడింటి మీద జిడ్డు మరక అలాగే మిగిలింది. ఆ మూడూ కట్టె రోజులవే. ఆమె ఆ ముక్కలను మడతపెట్టి నా చేతిలో పెట్టింది.

ఆగస్టు 12, ఆదివారం, ఉదయం పది గంటలకు పార్కింగులోనే సమావేశం. ఒక పక్క బ్రికెట్ల బస్తాలు, వాటి మీద దినపత్రిక పరిచి కూర్చున్న ఇద్దరు సభ్యులు. ఆరు ముక్కలూ చేతులు మారాయి. మూడో అంతస్తులో ఉండే విశ్రాంత బ్యాంకు మేనేజరు గారు వాటిని కళ్లద్దాలు ఎత్తి చూశారు.

"బాగానే ఉందండీ. రేపు మన కళ్లుగప్పి మళ్లీ కట్టె వేస్తే ఎవరు పట్టుకుంటారు?"

"నా చీర పట్టుకుంటుందండీ," అన్నది మా ఆవిడ. "అప్పుడు అర్జీ నేనే తీసుకెళ్లి ఇస్తాను. భాయ్ గారికి ఆ మాట ఇప్పుడే చెప్పండి."

ఆ మాట నా స్నేహితుడు విన్నాడు. గేటు దగ్గర, మోచేతుల దాకా మైదాతో, లోపలికి రాకుండా నిలబడి ఉన్నాడు.

"కట్టె బంద్ భాభీ. జబాన్ ఇస్తున్న," అన్నాడు.

ఇక చేతులెత్తమన్నాను. కార్యదర్శిగా లెక్క నాది; ఓటు మా ఆవిడది. ముందు అర్జీ పంపాలన్నవారిని, తర్వాత వద్దన్నవారిని, ఒక్కొక్క ఫ్లాటు నంబరు చదువుతూ రెండేసిసార్లు లెక్కపెట్టాను. వద్దన్నవారి వంతులో మా నంబరు చదివినప్పుడు ఆమె నా వైపు చూడకుండా చెయ్యి ఎత్తింది.

మొత్తం ఫ్లాట్లు పదహారు. హాజరైనవి పదమూడు. అర్జీ పంపాలన్నవి ఐదు, పంపవద్దన్నవి ఎనిమిది.