దూదికి తగిలిన గడ్డం

దారమక్క ఎడమ చేతిని చూసినవాళ్లు ముందు నవ్వేవాళ్లు, ఆ తర్వాత ఇదేమిటని అడిగేవాళ్లు. మోచేతి నుంచి మణికట్టు దాకా గోరంత గోరంత గడులు, ఒక్కో గడి అరచేతిలా నున్నగా, గడికీ గడికీ మధ్య సన్నటి గట్లలాగా వెంట్రుకలు.

"మా ఇంట్లో చదరంగం బల్ల కొనక్కర్లేదండీ, పావులుంటే చాలు" అనేవాడు ఆమె భర్త. ఆయన కళ్లద్దాల షాపులో అద్దాలు అరగదీసేవాడు. భార్య చెయ్యి చూసి అంతమంది ఆశ్చర్యపోతుంటే ఆయనకు లోపల్లోపల గర్వంగా ఉండేది, పైకి మాత్రం వేళాకోళం చేసేవాడు.

ఆ గడులు ఊరికే రాలేదు. చర్మవైద్యశాలలో లేజరు గది తలుపు తెరవగానే, మెషిను వేడెక్కగానే, ఆ రోజు మొదటి వెలుగు ఆమె తన చేతిమీదే పడనిచ్చేది. "నా చెయ్యి ఒప్పుకున్నాకే ఇంకొకళ్ల మొహం మీద పెడతాను" అనేది. అలా చెయ్యమని ఏ పుస్తకంలోనూ లేదు. డాక్టరమ్మ మొదట్లో వద్దంది, తర్వాత బతిమాలింది, ఆ తర్వాత ఆ సంగతి ఎత్తడం మానేసింది.

దారమక్క అన్న పేరు పాతది. అదే భవనం కింది అంతస్తులో ఉన్న బ్యూటీ పార్లర్‌లో ఇరవై రెండేళ్లు దారంతో కనుబొమలు, పెదవి మీద నూగు తీసింది. దారం ఒక కొస పళ్ల మధ్య, రెండో కొస వేళ్ల మధ్య. ఆ దారం రాపిడికి ఆమె ముందు పంటి అంచున చిన్న నొక్కు పడింది. మెడ నొప్పి తిరగబెట్టి, వంగి నిలబడే పని ఇక చేతకాదనుకుంటున్న రోజుల్లో పై అంతస్తులో డాక్టరమ్మ లేజరు మెషిను పెట్టింది. మెట్ల మీద ఎదురుపడి అడిగేసింది.

"అక్కా, మీ చెయ్యి వణకదట కదా. నాకు కావలసింది అదే. మిగతాది నేను నేర్పుకుంటాను."

"ఎనిమిదో తరగతి చదివానమ్మా నేను. దారం పట్టుకోమంటే పట్టుకుంటాను గానీ మెషినంటే..."

"మెషినుకి మీ మార్కులతో పనిలేదు లెండి."

మూడు నెలలు నేర్చుకుంది. అర్థం కానిది ఇంటికి మోసుకెళ్లి భర్త ముందు పెట్టేది. ఆయన ఒక ఆదివారం మేడ మీద ఎండలో ఒక నల్ల గుడ్డ, ఒక తెల్ల గుడ్డ పరిచి, కాసేపాగి రెంటి మీదా ఆమె చెయ్యి పెట్టించాడు. నల్లది చుర్రుమంది. తెల్లది చల్లగానే ఉంది. "అంతేనే నీ మెషిను. వెలుగుకి నలుపంటే ఆకలి" అన్నాడు. డాక్టరమ్మ మూడు నెలల పాఠం ఆ రెండు గుడ్డ ముక్కల్లో దారమక్క తలకెక్కింది.

ఆనాటి నుంచి గదిలోకి వచ్చిన ప్రతి మనిషికీ ఆమె ఆ మాటే చెప్పేది. "ఈ వెలుగు నలుపుని వెతుక్కుంటూ పోతుందమ్మా. వెంట్రుకలో నలుపు దొరికితే దాన్ని పట్టుకుని కుదురు దాకా దిగి, ఆ కుదురుని వేడెక్కించి దెబ్బ తీస్తుంది. మన చర్మంలోనూ నలుపుందిగా, అందుకే మనలాంటి చామనఛాయ వాళ్లకి తొందరపడకూడదు, ఎండలో తిరిగొచ్చి కూర్చోకూడదు. అన్ని వెంట్రుకలూ ఒక్కసారే మేలుకుని ఉండవు, కొన్ని నిద్రలో ఉంటాయి. నిద్రపోయేవాటిని లేజరు లేపలేదు. అవి లేచేదాకా మనమే ఆగాలి. అందుకే నెలా నెలన్నరకోసారి, ఆరేడు సార్లు. రబ్బరు బ్యాండు లాగి వదిలినట్టు చురుక్కుమంటుంది. ఏడిస్తే ఏడువు, కదిలితే మాత్రం ఊరుకోను."

అలా చెబుతూ చెబుతూ ఏడేళ్లు గడిచాక వచ్చింది టీచరమ్మ.

కొత్త మనిషేమీ కాదు. పదిహేనేళ్ల వయసులో తల్లి వెనక నక్కి పార్లర్‌కి వచ్చిన పిల్లే. హార్మోన్ల తేడా వల్ల గడ్డం కింద, పెదవి మీద మగపిల్లలకొచ్చినట్టు వెంట్రుకలు వచ్చేవి. దారమక్కే పదేళ్లు వాటిని తీసింది. ఇప్పుడా పిల్ల చెవులు వినపడని పిల్లల బడిలో టీచరు. ఆ పిల్లలు ఆమె చేతుల సైగలతో పాటు పెదవుల కదలిక చూసి పాఠం నేర్చుకుంటారు. రోజంతా పదకొండు జతల కళ్లు ఆమె నోటి మీదే. ఆమె చెయ్యేమో పాఠం మధ్యలో తెలియకుండానే గడ్డం మీదికి వెళ్లిపోతుంది. చెయ్యి అడ్డం పడగానే పిల్లలకు మాట తెగిపోతుంది.

"హెడ్ మాస్టరు గారు మూడోసారి పిలిచి చెప్పారక్కా. నోరు కప్పుకునే టీచరు ఈ పిల్లలకి పనికిరాదన్నారు. ఆయన తప్పులేదు. ఏడాది చివర్లోపు ఇది మానకపోతే ఆఫీసు పనికి మారుస్తారు. పిల్లల్ని వదిలి నేను కాగితాలు సర్దుకుంటూ కూర్చోలేను."

"చెయ్యి దిగేలా చూద్దాం పదవే" అంది దారమక్క.

డాక్టరమ్మ రక్తపరీక్షలు చేయించి, మాత్రలు రాసి, లేజరు మొదలుపెట్టించింది. ఒకటి, రెండు, మూడు సార్లయ్యాయి. నాలుగోసారికి కూడా టీచరమ్మ గడ్డంలో పెద్ద మార్పు లేదు. మామూలుగా మూడోసారికే జనం అద్దం దగ్గర మురిసిపోతుంటారు. డాక్టరమ్మ కాగితాలు తిరగేసి, "కొంచెం పెంచి చూద్దామా అక్కా?" అంది.

"ఈ చర్మానికి పెంచితే మచ్చ పడుతుంది డాక్టరమ్మా. మొహం కదా. ఒక్క పూట నాకివ్వండి, నేను చూస్తాను."

టీచరమ్మను కుర్చీలో వెనక్కి వాల్చి, భూతద్దం దీపం దగ్గరికి లాగింది. వచ్చే ముందు రేజరుతో గీసుకోవాలి, పీకకూడదు అన్నది అక్కడి మొదటి నియమం. గీసిన గడ్డం మీద సన్నటి నల్లచుక్కలుంటాయి. ఇక్కడ చుక్కల్లేవు. దారమక్క చిన్న దూది ఉండ తీసి ఆ గడ్డం మీద మెల్లగా నడిపింది. గీసిన చోటైతే కంటికి కనపడని మొనలు దూది పోగుల్ని పట్టుకుంటాయి. దూది ఎక్కడా ఆగలేదు. పింగాణీ గిన్నె మీద జారినట్టు జారిపోయింది.

"ఎప్పుడు పీకావే?"

టీచరమ్మ కళ్లు మూసుకుంది. "పొద్దున్న."

"ఈ ఒక్కరోజేనా?"

"...రోజూ."

"నాలుగు నెలలుగా రోజూనా? ఓసి నీ తెలివి తెల్లారా! కుదురుతో సహా లాగేస్తుంటే మెషిను ఎవర్ని పట్టుకోవాలే? ఇంట్లో ఎవరూ లేనప్పుడొచ్చి తలుపు కొడుతున్నాం ఇన్నాళ్లూ! రేజరు వాడమని మొదటిరోజే చెప్పానా లేదా?"

"చెప్పావు. అంతకుముందు ఇంకోటి కూడా చెప్పావు." టీచరమ్మ లేచి కూర్చుంది. "పదిహేనేళ్లప్పుడు కింద పార్లర్‌లో, మా అమ్మ ముందు. చర్మం బిగపట్టి, మొలిచిన వైపుకే లాగాలని పట్టకారు నా చేతిలో పెట్టి నేర్పింది నువ్వే. రేజరు మాత్రం జన్మలో ముట్టుకోకు, ముట్టుకుంటే మగాళ్లలా గరుగ్గా మొలుస్తుందన్నావు. నువ్వు చెప్పింది నేనెప్పుడైనా కాదన్నానా అక్కా?"

ఆ రేజరు మాట దారమక్క ఒక్క ఈ పిల్లకే కాదు, ఇరవై రెండేళ్లలో కుర్చీలో కూర్చున్న ప్రతి ఆడపిల్లకీ చెప్పింది. తనకు నేర్పినావిడ చెబితే విన్నది, విన్నది విన్నట్టు అప్పజెప్పింది. అది తప్పని మూడు నెలల లేజరు పాఠంలో తెలిసింది. గీస్తే పైకొస మొద్దుగా తెగి చేతికి గరుగ్గా తగులుతుందే తప్ప, కొత్తగా ఒక్కటి మొలవదు, ఉన్నది లావెక్కదు. తెలిసినరోజున అయ్యో అనుకుంది. కానీ మెట్లు దిగి, పాతవాళ్లను పిలిచి, నేను చెప్పింది తప్పని చెప్పలేదు.

"తప్పు చెప్పానే" అంది చివరికి. "తెలియక చెప్పాను. తెలిశాక సరిదిద్దుకోలేదు, అది ఇంకా పెద్ద తప్పు. ఇక పట్టకారు ముట్టుకోకు, నాలుగు వారాలు వాటిని మొలవనిచ్చి అప్పుడు మెషిను పెడదాం."

టీచరమ్మకు కావలసింది క్షమాపణ కాదు. "పీకడం మాని నాలుగు వారాలు ఆగమంటున్నావు. పొద్దున్న గీసుకుంటే మధ్యాహ్నానికి పచ్చగా నీడ పడుతుంది. మా క్లాసులో ఒక చిట్టిది ఉంది, ఆరేళ్లు. ఒకసారి తన పెదవి మీద వేలు రాసుకుని, నన్ను చూపించి, 'నాన్న' అని సైగ చేసింది. వెక్కిరింత కాదు, అది దానికి కనపడింది, అడిగింది. ఆ రోజు నుంచే పట్టకారు పట్టుకోకుండా గడప దాటలేను."

దారమక్క లేచి తన చేతిసంచిలోంచి ఒక చిన్న రేజరు తీసింది. అద్దం ముందు నిలబడి, గడ్డం ఎత్తి, మెడ మీది మడత వేలితో బిగపట్టి, సరసరా గీసుకుంది. తుడుచుకున్న తెల్ల కాగితం తెచ్చి దీపం కింద పెట్టింది. దగ్గరగా చూస్తే తప్ప కనపడని తెల్లటి రజను.

"నలభై ఎనిమిదో ఏట మొదలయ్యాయి. అన్నీ తెల్లవే. తెల్లదాంట్లో వెలుగుకి తిండి లేదు. ఊరందరికీ వైద్యం చేసే నా మెషిను నాకు పనికిరాదు. రోజూ పొద్దున్న ఇక్కడికొచ్చి గీసుకుంటాను. మా ఆయనకి కూడా తెలీదు. నాకూ సిగ్గే."

టీచరమ్మ ఆ కాగితం మీదికి వంగి చూసింది. తర్వాత ఆమె వంక చూసి, "మీ ఆయనకి నిజంగా తెలీదా?" అంది.

"అద్దాలు అరగదీసేవాడు, తన అద్దాలు తుడుచుకోడు. ఎలా తెలుస్తుంది?"

ఇద్దరికీ నవ్వాగలేదు. డాక్టరమ్మ తలుపు తీసి చూసి, ఏమీ అడగకుండా వేసేసింది.

ఒప్పందం కుదిరింది. టీచరమ్మ బడికి వెళ్లే బస్సు ఆ వీధిలోనే ఆగుతుంది. రోజూ ఎనిమిదింటికి దిగి పైకొచ్చేది. చేతులు కడుక్కునే తొట్టి ముందు ఇద్దరూ భుజం భుజం రాసుకుంటూ నిలబడి గీసుకునేవాళ్లు. అయ్యాక దారమక్క దూది ఉండ తీసుకుని ఆ పిల్ల గడ్డం మీద నడిపేది. మొదటివారం జారింది. రెండోవారం ఒకటి రెండు చోట్ల తడబడింది. మూడోవారం మధ్యలో ఒకరోజు పోగు తెగి గడ్డానికే వేలాడింది.

"తగిలింది!" అని అరిచింది దారమక్క, లాటరీ తగిలినంత సంబరంగా.

ఆ వారమే భయపడిందీ జరిగింది. మధ్యాహ్నం పాఠంలో చిట్టిది మళ్లీ వేలు చూపించింది. టీచరమ్మ చెయ్యి సగం దాకా లేచింది. ఆపుకుంది. ఆ చేతినే సైగకు తిప్పి, పెదవులు స్పష్టంగా కదుపుతూ చెప్పింది: అవును, నాకూ గడ్డం వస్తుంది, నాన్నకొచ్చినట్టే, నేనూ గీసుకుంటాను. చిట్టిది ఓహో అన్నట్టు తలూపి, పెన్సిలు మొన విరిగిందని చూపించింది. అంతే. ఇన్నేళ్ల భయం పెన్సిలు చెక్కేంతసేపు కూడా నిలవలేదు. మర్నాడు ఈ సంగతి చెబుతూ టీచరమ్మ సగం మొహానికి నురగతో ఏడ్చింది.

"కదలకే, తెగుతుంది" అంది దారమక్క. ఆమె కళ్లూ తడిగానే ఉన్నాయి.

ఐదోసారి మెషిను గడ్డం మీద పెట్టినప్పుడు గదిలో సన్నగా కాలిన వాసన వచ్చింది. నాలుగు నెలలుగా రానిది. నల్లటి కళ్లజోళ్ల వెనక నుంచి టీచరమ్మ కంగారుగా, "ఏమైందక్కా?" అంది.

"దొరికారే దొంగలు, ఇన్నాళ్లకి ఇంట్లో ఉన్నారు."

తర్వాత ఇంకో ఆరుసార్లు పట్టింది. మొత్తం పోలేదు. హార్మోన్ల తేడా ఉన్నంతకాలం అప్పుడప్పుడూ కొన్ని మొలుస్తూనే ఉంటాయని, ఏడాదికోసారి రావాలని దారమక్క ముందే చెప్పింది, అలాగే జరిగింది. కానీ ఆ ఆరుసార్లూ పూర్తికాక ముందే, ఏడాది చివర హెడ్ మాస్టరు క్లాసు వెనక కూర్చుని చూసిన గంటసేపట్లో ఆ చెయ్యి ఒక్కసారీ గడ్డం మీదికి వెళ్లలేదు. టీచరమ్మ తన పిల్లల దగ్గరే ఉండిపోయింది.

దారమక్క మాత్రం అక్కడితో ఊరుకోలేదు. ఒక ఆదివారం కింది పార్లర్‌కి దిగి, అక్కడి అమ్మాయిలందరినీ కూర్చోబెట్టి, "రేజరు గురించి నేను చెప్పింది తప్పు, అది మీరెవరెవరికి చెప్పారో వాళ్లందరికీ చెప్పండి" అంది. పాతవాళ్లు వీధిలో ఎదురుపడితే ఆపి మరీ చెప్పేది. పెళ్లి పందిట్లో ఒకావిణ్ణి పక్కకి లాగి చెప్పిందని ఆమె భర్త తలబాదుకున్నాడు. ఇరవై రెండేళ్ల మాటను ఒక్కొక్కరి దగ్గరా వెనక్కి తీసుకుంటూ పోవడానికి ఎంత గుండె కావాలో, తప్పు తెలిసీ పెదవి కుట్టుకుని కూర్చునే మనుషులకు తెలుస్తుంది.

యాభై ఎనిమిదో ఏట, ఎన్నడూ వణకని ఆ చెయ్యే వణకడం మొదలుపెట్టింది. నరాల జబ్బన్నారు. మెషిను ముట్టుకోవడం తనంతట తానే మానేసింది, ఎవరూ చెప్పక ముందే. కొన్నాళ్లకు చేతిలో గ్లాసు నిలవలేదు. ఇంకొన్నాళ్లకు మంచం.

టీచరమ్మ బస్సు దిగే చోటు మార్చుకుంది. పొద్దున్నే ఎనిమిదింటికి దారమక్క ఇంటికొచ్చి, గోరువెచ్చటి నీళ్ల గిన్నె పక్కన పెట్టుకుని, ఆ తెల్ల వెంట్రుకల్ని గీసేది. భర్త గుమ్మంలో నిలబడి చూస్తూ, "నాకు తెలుసు, మొదటినుంచీ తెలుసు, చెబితే చిన్నబుచ్చుకుంటుందని ఊరుకున్నాను" అన్నాడు ఒకరోజు. మంచం మీది మనిషి కోపంగా చూడబోయి నవ్వింది.

చివరివారం మాటలు బాగా తగ్గాయి. గీయడం అయ్యాక టీచరమ్మ అలవాటుగా దూది ఉండ తీసి ఆ గడ్డం మీద మెల్లగా నడిపింది. దారమక్క పెదవులు కదిలాయి. శబ్దం రాలేదు. కానీ పెదవుల్ని చదివే పిల్లలతో బతికిన మనిషికి శబ్దంతో పనేముంది?

తగులుతోందా, అని అడిగింది దారమక్క.

"తగులుతోందక్కా" అంది టీచరమ్మ, తన మొహం ఆమెకు పూర్తిగా కనపడేలా వంగి.