కొంచెం గిట్టని జబ్బార్ భాయి

“కొంచెం గురగురేంది? గురగురమంటందా, అనటంలేదా? అవును, కాదు! నా కొట్లో ఈ రెండే మాటలు!”

రేడియో తెచ్చినాయన హడలిపోయి “అవును” అన్నాడు.

నరసరావుపేటలో రేడియోలు బాగుచేసే అబ్దుల్ జబ్బార్ భాయికి ‘కొంచెం’ అనే మాట గిట్టదు. బడిలో పాఠాలు చెప్పి, సాయంత్రం ఆయన దగ్గర వైర్లు అతకడం నేర్చుకునే నాకు రోజూ ఇదే పాఠం. కూరలో కొంచెం ఉప్పు తగ్గిందా అని అడిగినందుకు భార్య మీద కూడా ఎగిరిపడ్డాడు. ఆవిడ కంచం లాగేసుకుంది.

ఒకరోజు మాచర్ల నుంచి కరీమున్నీసా దిగింది. కొట్టు వెనక వాటాలో చంటిబిడ్డతో ఉండే రషీదాకు అత్తగారు.

“కోడలికి కొంచెం చెవుడు గదా భాయ్. చంటిదాన్ని నాతో తీసకపోతా.”

“కొంచెమేంది? బిడ్డ ఏడుపు వినపడుద్దా, లేదా?”

“వినపడదు.”

“అట్లా చెప్పు! కొంచెం కొంచెమని మీరు సర్దుకోబట్టే రషీదాకి ఎవరూ ఏమీ చెయ్యలా. తల్లి దగ్గర్నించి బిడ్డని లాక్కపోతారా? ఆదివారం దాకా ఆగు!”

ఉయ్యాల మీద మైకు కట్టాడు. ఏడుపును పెంచడానికి పాత రేడియో వాల్వులు, రషీదాకు కనపడేట్టు వంటింట్లో దీపం, మధ్యలో దాన్ని వెలిగించే కరెంటు మీట, రిలే.

“ఏడుపు మెల్లగా పెరుగుద్ది మేష్టారూ. రిలేకి మెల్లగా అంటే తెలవదు. పట్టుకుంటది, లేకపోతే వదిలేస్తది. ఎక్కడ పట్టుకోవాల్నో మనమే చెప్పాల. దాని మీది మర తిప్పండి. కొంచెం... ఇంకొంచెం...”

నేను తలెత్తి చూశాను.

“నా మొహంలో ఏముంది? తిప్పండి!”

ఆదివారం అత్తగారు పరీక్ష చూడ్డానికి ఉయ్యాల పక్కన పీట వేసుకుని కూర్చుంది. దీపం వెలిగింది. రషీదా పిండి చేతులతో పరుగెత్తుకొచ్చింది. పిల్ల హాయిగా నిద్రపోతోంది. మళ్ళీ వెలిగింది, మళ్ళీ పరుగు. తీరా చూస్తే, కొట్లో జబ్బార్ భాయి ఎవరినో తిడుతున్న కేకలు గోడ దాటి మైకులో పడుతున్నాయి.

“పిల్లకంటే నువ్వే ఎక్కువ ఏడస్తన్నావు భాయ్!” అంది కరీమున్నీసా.

“కేకలకి వెలక్కుండా మర తగ్గించనా?” అన్నాను.

“ముట్టుకోబాకండి! బిడ్డ గొంతు చించుకున్నాక వెలిగితే అదేం దీపం?” అని అరిచి, ఆ అరుపుతోనే ఇంకోసారి దీపం వెలిగించి, ఠక్కున నోరు మూసుకున్నాడు.

కాసేపటికి పిల్ల సన్నగా మూలిగింది. పీట మీది నుంచి అత్తగారు లేచే లోపే రషీదా వచ్చి బిడ్డను ఎత్తుకుంది. సాయంత్రం బస్సుకు కరీమున్నీసా ఒక్కతే వెళ్ళింది.

మర్నాడు నేను కొట్టు మెట్టు ఎక్కబోతుంటే జబ్బార్ భాయి చెయ్యి అడ్డం పెట్టి, జన్మలో మొదటిసారి గుసగుసగా అన్నాడు:

“మేష్టారూ, ఆ సందు మొదట్లో నిలబడండి. నాకు కోపం తెప్పించే బేరాలుంటే రేపు రమ్మని చెప్పండి. పాప ఇప్పుడే పడుకుంది.”