ఒంటి తుమ్ముకి ఆగని పడవ

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా ఇంటికి కంప్యూటర్ వచ్చింది. ఆటోనగర్లో నేను లెక్కలు రాసే స్పేర్ పార్టుల షాపు ఓనరు కొత్తది కొనుక్కుని పాతది నాకు అంటగట్టాడు. మానిటరు బరువుకి మా టేబులు కాళ్ళు విల్లులా వంగాయి. ఆన్ చేస్తే లోపలి ఫ్యాను మోతకి వీధికుక్కలు లేచి పక్క వీధికి మకాం మార్చేవి.

దాంతోపాటు ఒక గేమ్ సీడీ కూడా వచ్చింది. కాల్పులు లేవు, కారు పందేలు లేవు. అంతా కథ. వరదలో మునుగుతున్న ఊళ్ళో తప్పిపోయిన అన్నని వెతుకుతూ తిరిగే మనిషిని మనమే నడపాలి. అందులో వాన మొదలైతే, రోహిణీకార్తె ఎండలో మా ఆవిడ మేడమీద ఆరేసిన బట్టల కోసం పరిగెత్తింది. అంత నిజంగా ఉండేది. ఇక లోపాలంటారా, ఊరి జనమంతా ఒకే తల్లి కడుపున పుట్టినట్టు ఒకే ముఖం. పీకల్లోతు నీళ్ళలో నిలబడి కూడా రొట్టెలవాడు ఇవాళ వాతావరణం బాగుందనే చెప్పేవాడు. అన్నిటికన్నా పెద్ద దౌర్భాగ్యం ఆట భద్రపరచడం. తెర మూల చిన్న దీపం బొమ్మ ముందు మిణుకుమని, తర్వాత నిండుగా వెలిగితే అక్కడిదాకా జరిగింది శిలాశాసనం. అదెప్పుడు వెలగాలో దాని ఇష్టం. మనం బతిమాలినా వెలగదు, ఒకసారి వెలిగాక వెనక్కి పోనివ్వదు.

మోకాళ్ళ వైద్యానికి చల్లపల్లి నుంచి వచ్చిన మా అత్తగారు నా వెనక కుర్చీ వేసుకుని ఈ కథలో పడిపోయారు. ఇంగ్లీషు మాటల్ని నేను తెలుగులో చెప్పేవాణ్ణి. నా అనువాదంలో పడవ కెప్టెను సరంగు అయ్యాడు, ఊరి పెద్ద మునసబుగారయ్యాడు.

ఒక మధ్యాహ్నం మా కథానాయకుడు ఒక మేడమీదికి ఎక్కేసరికి, అక్కడ ఒక చిన్నపిల్ల ఒంటరిగా నిలబడి ఉంది. వచ్చి అతని వేలు పట్టుకుంది. వెనక కుర్చీ కిర్రుమంది.

ఆ కిర్రుకి కారణం నాకు తెలుసు. అత్తగారి చిన్నతనంలో వాళ్ళ ఊరిమీదికి ఉప్పెన వచ్చినప్పుడు పక్కింటి పిల్లని ఆవిడే పడవ ఎక్కించి, చోటు లేక తను తర్వాతి పడవకి ఆగారట. ఆ పిల్ల ఏ ఒడ్డుకి చేరిందో, అసలు చేరిందో లేదో, ఇప్పటికీ ఆవిడకి తెలియదు. మా ఆవిడ పుట్టక ముందు మాట అది. అయినా ఇంట్లో ఎవరూ ఆ ఊసు ఎత్తరు.

తెరమీద పడవ వచ్చింది.

"అల్లుడుగారూ, పిల్లని ఒక్కదాన్నీ పంపకండి. మీరూ ఎక్కండి" అన్నారు.

సరంగు తాడు విప్పే లోపల 'నేనూ వస్తాను' అన్న మాట ఎంచుకుని మీట నొక్కాలి. ఆ ఘట్టంలో ఆట ఆపడానికి వీల్లేదు. పైగా కరెంటు కోత వేళ దగ్గర పడింది. నా నుదుటి చెమటకి కృష్ణమ్మకి ఒక పాయ పెరిగింది. వేలు మీట మీదికి దిగుతోంది.

సరిగ్గా అప్పుడే వంటింట్లో ఎండుమిరపకాయల ఘాటుకి మా ఆవిడ తుమ్మింది. ఒక్కటే.

బయల్దేరే వేళ ఒంటి తుమ్ము వినబడితే మా వైపు ఎంతటివాడైనా ఆగుతాడు. కూర్చుని గుక్కెడు మంచినీళ్ళు తాగి మరీ కదులుతాడు. ఇలాంటి తుమ్ముకే ఆగి కదిలే బస్సు వదులుకున్న వంశం మాది. నా చెయ్యి దానంతటదే లేచింది. అత్తగారి చెయ్యి దానంతటదే మంచినీళ్ళ గ్లాసు అందించింది. నేను తాగాను. గ్లాసు దించేసరికి సరంగు తాడు విప్పేశాడు.

మనం నోరు మెదపకపోతే ఆ మౌనాన్నే జవాబుగా తీసుకోవడం ఆ ఆట రాసినవాడి గొప్పతనం. ఆ క్షణాన వాడు ఎదురుపడితే మానిటరు ఎత్తి వాడి నెత్తిన వేసేవాణ్ణి. పిల్ల పడవలో కూర్చుని వెనక్కి తిరిగి చూస్తోంది.

"అదేంటండీ, మీరు ఎక్కలేదే?" అన్నారు అత్తగారు.

"తుమ్మింది కదండీ."

ఆవిడ వంటింటివైపు తిరిగారు. "ఇంకోటి తుమ్మితే నీ సొమ్మేం పోయిందే?"

రెండు తుమ్ములైతే దోషం లేదు మరి. మా ఆవిడ గరిటెతో గుమ్మంలో నిలబడిపోయింది.

మూల దీపం మిణుకుమంది. అది నిండుగా వెలిగేలోపు కంప్యూటర్ ఆగిపోతే మళ్ళీ మేడమీదికే వెళ్తామనీ, వెలిగితే మాత్రం ఇంతేననీ గబగబా చెప్పాను. చెబుతుండగానే కరెంటు పోయింది. పైన తిరిగే ఫ్యాను ఆగింది, పక్కింటి టీవీ ఆగింది. కంప్యూటర్ ఆగలేదు. యూపీఎస్ కుయ్ కుయ్ మంటూ దాని ప్రాణం నిలబెట్టింది. కరెంటు పోయినా కాసేపు నడిపిస్తుందని వీధి వీధంతా నేను పొగిడిన యూపీఎస్ అది. దాని మీట టేబులు కింద, గోడ పక్కన ఉంది.

గోడ పట్టుకుంటే తప్ప నాలుగడుగులు వేయలేని మా అత్తగారు, నేను కుర్చీ వెనక్కి జరిపేలోపే ఆ మోకాళ్ళ మీదే టేబులు కింద దూరి మీట నొక్కేశారు. తెర నల్లబడింది.

దీపం అప్పటికే వెలిగిందో లేదో మా ముగ్గురిలో ఎవరూ చూడలేదు.

కోత అయ్యేదాకా ఎవరమూ అన్నానికి లేవలేదు. పప్పు చల్లారి గడ్డకట్టింది. అత్తగారు మోకాళ్ళు రాసుకోవడం కూడా మానేసి నల్ల తెరనే చూస్తూ కూర్చున్నారు. ఊరుకోబెట్టడానికి ఇది ఉత్త బొమ్మలాట కదండీ అనబోయి, ఆ ముఖం చూసి మంచినీళ్ళ గ్లాసు అందించాను.

కరెంటు వచ్చింది. నా కంప్యూటర్ లేచేలోపు కృష్ణా ఎక్స్‌ప్రెస్ సికింద్రాబాద్ వెళ్ళి తిరిగొచ్చేది. చివరికి వాన చప్పుడు వినబడింది. తర్వాత మేడ. తర్వాత, అతని వేలు పట్టుకున్న పిల్ల.

ఈసారి ఎవరూ ఊపిరి కూడా తీయలేదు. మీట నొక్కాను. ఇద్దరూ పడవ ఎక్కారు.

ఎక్కాక ఆట అసలు లోపం బయటపడింది. ఆ పిల్లకి ఇక ఒక్క మాట రాయలేదు. కన్నార్పదు, కదలదు. ఒడ్డు చేరాక పిల్లని మెట్లమీద బొమ్మలా కూర్చోబెట్టి, కథ మళ్ళీ తప్పిపోయిన అన్న కోసం పరుగు తీసింది. ఇంత కథ అల్లినవాడు పిల్లనే మరిచిపోయాడేంటండీ అని నేను ఎద్దేవా చేశాను. అత్తగారికి అది లోపంలా కనబడలేదు.

"బాగా అలిసిపోయింది" అన్నారు.

ఇక ముందుకు నడపనా అని అడిగాను.

"అన్నని రేపు వెతుక్కోవచ్చులెండి. దాని పక్కన కాసేపు ఉండండి."

నేను మీటల మీద నుంచి చెయ్యి తీసేశాను.