చీకటంటే భయపడే చేపలు

మా దగ్గరే ఉండే మేనత్త చంద్రకాంతమ్మ, ఇంట్లో చీకటిని బతకనివ్వదు. దీపాలు పెట్టే వేళ దాటాక ఏ మూల చీకటిగా ఉన్నా లక్ష్మి గడప తొక్కదని ఆమె నమ్మకం. తలుపు మూయగానే లోపల బల్బు ఆరిపోతుందని ఫ్రిజ్ మీద కూడా జాలిపడే మనిషి.

నేనేమో తిరుపతిలో కూర్చుని సముద్రాన్ని పెంచుదామనుకున్న మేధావిని. ముందుగదిలో వీధి కిటికీ పక్కన ఉప్పునీళ్ల అక్వేరియం పెట్టాను. రెండు చారల చేపలు, గుప్పెడంత పగడం. పగడం ప్రాణమున్న జీవి అని వచ్చినవాళ్లందరికీ ఉపన్యాసమిచ్చేవాణ్ణి. వాళ్లు టీ తాగి వెళ్లిపోయేవాళ్లు.

కొన్నాళ్లకు రాళ్లనిండా పచ్చటి నాచు పట్టింది, వెంట్రుకల్లా పొడుగ్గా. నా నెత్తిమీద రాలిందంతా తొట్టిలో మొలిచిందని మా ఆవిడ జయంతి తేల్చేసింది. పాత టూత్‌బ్రష్‌తో తోమాను. నీళ్లు మార్చాను. మేత తగ్గించాను. నాచు తింటాయని నత్తల్ని తెచ్చి వేస్తే, అవి అద్దమెక్కి నన్నే చూస్తూ కూర్చున్నాయి. నాచు కింద పగడం ముడుచుకుపోతోంది. ఇక బతకదేమోనని నిజంగానే దిగులు పట్టుకుంది.

చేపలమ్మిన మునిచంద్రకు ఓ రాత్రి ఫోన్ చేస్తే, లైటు ఎక్కువైతే నాచు పెరుగుతుంది, ఎంతసేపు వేస్తున్నావని అడిగాడు. సాయంత్రమే ఆర్పేస్తానని గొప్పగా చెప్పి వెనక్కి తిరిగితే తొట్టి పెళ్లిపందిరిలా వెలుగుతోంది.

"ఎవరేసినారత్తా ఈ లైటు?"

"నేనే. సేపలకి సీకటంటే బయం."

"సముద్రంలో వాటికి ఎవరు కరెంటిచ్చినారు?"

"లేకనే గదా మనింటికొచ్చినాయి."

ఆ రోజు నుంచి నేను ప్లగ్గు పీకడం, ఆమె పెట్టడం. వైరు దాచేస్తే నా టేబుల్ లైటు తెచ్చి తొట్టి పక్కన పెట్టింది. దాని తల చేపలవైపు కాకుండా వీధివైపు ఎందుకుందో నా బుర్రకు తట్టలేదు.

చివరికి తొట్టికి దుప్పటి కప్పి, టేబుల్ లైటు ఒళ్లో పెట్టుకుని కాపలా కూర్చున్నాను. సందె పడింది. అత్త గదంతా కాలుగాలిన పిల్లిలా తిరిగి, నా చెవి దగ్గరికొచ్చింది.

"ఆడ సూడు" అంది మెల్లగా.

కిటికీ కింద మా అరుగుమీద పూలమ్మే సిద్ధమ్మ, ఇంకా కట్టని మల్లెలు తట్టలోకి ఎత్తుకుంటోంది. వీధిలైటు ఎప్పుడో పోయింది. పొద్దున్నే అమ్మాల్సిన మూరలు ఇన్నాళ్లూ మా చేపల వెలుగులోనే కడుతోందట. అరుగుమీద బల్బు పెట్టిస్తే సరిపోయేది కదా అన్నాను.

"ఒకతూరి వైరు లాగి బల్బేసినా. నీకోసమేనే అని సెప్పినా. తట్టెత్తుకోని ఎలబారిపోయింది. తనకోసం ఒకరు కరెంటు కాలిస్తే ఓర్సుకోలేదు. సేపలకోసమంటే కూసుంటాది."

నాకు సిగ్గేసింది, అత్తమీద ప్రేమ కూడా పొంగింది. మర్నాడే అరుగుమీద బల్బు పెట్టించాను. తొట్టి లైటు తగ్గింది, పోనుపోను నాచు పలచబడింది, పగడం విచ్చుకుంది. అదంతా నా పరిశోధనేనని మునిచంద్రకు చెప్పుకున్నాను.

అయితే బల్బు వెలిగిన మొదటి సాయంత్రం సిద్ధమ్మ తట్ట దించకుండా నిలబడింది.

"ఇదెవరికబ్బా?"

అత్త పాఠమే అప్పజెప్పాను. "చేపలకే సిద్ధమ్మా. కిటికీలోంచి వీధి చూస్తా ఉంటాయి. వీధి చీకటైనా వాటికి బయమే."

ఆమె నన్నూ, నా వెనక నిలబడ్డ అత్తనూ కాసేపు చూసి తట్ట దించింది. కట్టడం అయ్యాక కిటికీ ఊచకు ఓ మూర మల్లెలు చుట్టింది. అత్తకా అని అడిగాను.

"సేపలకి" అంది.

చేపలకు కొప్పుండదు కాబట్టి అత్త పెట్టుకుంది.