జంట సంతోషం, పైన ఒక డాలర్

ఆరువందల పన్నెండు డాలర్లతో బిజినెస్ మొదలుపెట్టాను. మూడు నెలల తరవాత, ఈ సోమవారం మధ్యాహ్నం, ఒక చైనీస్ రెస్టారెంట్ పార్కింగ్ లాట్‌లో కారాపుకుని కూర్చున్నాను. లోపలికి వెళ్ళి ఓనర్ని ఒక్క డాలర్ అడగాలి. ఎలా అడగాలో తెలియడం లేదు. ఇక్కడిదాకా ఎలా వచ్చానో చెప్తాను, మీరు టీ తాగుతూ వినండి.

ఆ డబ్బులో మూడువందల ఎనభై తొమ్మిది పెట్టి వినైల్ స్టికర్లు కోసే మెషీన్ కొన్నాను. కంప్యూటర్‌లో బొమ్మ గీసిస్తే చిన్న బ్లేడుతో అదే కోస్తుంది, షాపు అద్దాల మీద అంటించుకోవచ్చు. వినైల్ రోల్స్‌కి ఇంకో తొంభై నాలుగు అయింది. మా ఫ్రిస్కోలో ఎటు చూసినా కొత్త స్ట్రిప్ మాలే. ఒక్కో మాల్‌కి పన్నెండు షాపులు, షాపుకి కనీసం రెండు అద్దాలు. లెక్క వేస్తే నాకే భయమేసింది, అంత డబ్బు ఏం చేసుకోవాలా అని.

రెండు నెలల్లో వచ్చిన ఆర్డర్లు సున్నా.

అప్పుడు దొరికారు లియాంగ్ అంకుల్. మా ఇంటికి పది నిమిషాల డ్రైవ్‌లో ఆయన రెస్టారెంట్ ఉంది, ఊళ్ళో ఇంకో రెండున్నాయి. వాళ్ళమ్మాయి గ్రేస్ పెళ్ళి విందు అక్కడేనని తెలిసి నేనే వెళ్ళి అడిగాను. "అంకుల్, పెళ్ళి స్టికర్లన్నీ ఫ్రీగా చేస్తాను. నచ్చితే మీ మూడు రెస్టారెంట్ల అద్దాలూ నాకివ్వండి."

ఆయన తక్కువ మాట్లాడే మనిషి. "చెయ్యి. పెళ్ళికి కూడా రా. నచ్చితే సోమవారం కనపడు" అన్నారు.

మూడింటికీ కలిపి ముప్ఫై ఎనిమిది అద్దాలు. బయట నిలబడి రెండుసార్లు లెక్కపెట్టాను.

వాళ్ళు అడిగింది ఒకే ఒక్క అక్షరం. చైనీస్ పెళ్ళిళ్ళలో తలుపుల మీద ఎర్రగా కనిపిస్తుంది చూడండి, అది. ఒక అక్షరం కోసం మూడు వారాలు చదివాను. ఎందుకంటే అర్థం తెలియకుండా కోస్తే ఎక్కడో తప్పు కోస్తాను. పొరపాటుకి చోటివ్వకూడదని నా పట్టుదల. ఇప్పుడు తలుచుకుంటే ఏడుపొస్తుంది.

అది నిజానికి 'సంతోషం' అనే అక్షరం, రెండుసార్లు పక్కపక్కన రాసినది. ఒక్కోదాన్ని విడదీస్తే పైన స్టాండు మీద నిలబెట్టిన డోలు, కింద తెరిచిన నోరు. డోలు మోగుతుంటే నోరారా పాడడం, అదీ సంతోషం. రెండు సంతోషాలు కలిస్తే పెళ్ళి. చైనాలో 'షీ' అంటారు, కొరియాలో, వియత్నాంలో 'హీ', జపాన్‌లో 'కి'. పలకడం వేరు, డోలూ నోరూ అవే. జపాన్‌లో డెబ్భై ఏడో పుట్టినరోజుకి ఈ సంతోషం పేరే పెట్టారు, ఈ అక్షరాన్ని గొలుసుకట్టుగా రాస్తే డెబ్భై ఏడులా కనిపిస్తుందట. కొరియాలో పాతకాలం దిండ్ల చివర్ల మీద ఈ జంట అక్షరాన్నే కుట్టేవారట. ఈ దిండ్ల సంగతి చెప్పింది జూన్. కాలేజీలో నా క్లాస్‌మేట్, కొరియన్. మా గరాజ్‌లో కూర్చుని మా అమ్మ చేసిన జంతికలు తింటూ నాకు సలహాలిస్తుంటాడు.

పెళ్ళికి ముందురోజు అమ్మ అడిగింది. "చదివింపులు ఎంత పెడుతున్నావు?"

"వంద డాలర్లు."

"సున్నాతో ఆపకూడదురా. అక్కడితో అయిపోయిందన్నట్టు ఉంటుంది. ఒకటి కలుపు."

నేనేమీ గుడ్డిగా ఒప్పుకోలేదు. జూన్‌ని అడిగాను. "మా దగ్గర కూడా పెళ్ళికి బేసే ఇస్తారు. మూడు, అయిదు, ఏడు, అన్నీ పదివేలల్లో. అంటే ముప్ఫై వేల వోన్లు, యాభై వేలు, అలా మా డబ్బులో" అన్నాడు. "మరి జపాన్‌లో?" "సరిసంఖ్య ఇస్తే రెండు సగాలవుతుంది, జంట విడిపోతుందని వాళ్ళూ బేసే ఇస్తారు." పైగా డెబ్భై ఏడు కూడా బేసే. తెలుగు, కొరియా, జపాన్, మూడూ ఒకే మాట. మూడుకి మూడు, నూటికి నూరు శాతం. సరిపోయిందనుకున్నాను. ముప్ఫై వేలు సరిసంఖ్యే కదా అని కూడా తట్టలేదు. అసలు పెళ్ళికూతురు ఎవరి పిల్లో వాళ్ళని అడగాలన్నది అంతకన్నా తట్టలేదు.

శనివారం మధ్యాహ్నం విందు. తలుపుల మీద, అద్దాల మీద, కేక్ వెనక గోడ మీద నా జంట సంతోషం. ఎక్కడా ఒక్క గాలిబుడగ లేదు. వచ్చిన వాళ్ళంతా దాని ముందే ఫోటోలు దిగుతున్నారు. అంకుల్ నా భుజం తట్టి వెళ్ళారు. ముప్ఫై ఎనిమిది అద్దాలూ తళతళా మెరిశాయి నా కళ్ళ ముందు.

లోపలికి వెళ్ళగానే ఒక టేబుల్. అచ్చం మన చదివింపుల టేబులే. గ్రేస్ మేనత్త కవర్లు తెరిచి, లెక్కపెట్టి, ఎర్ర పుస్తకంలో పేరూ మొత్తమూ రాస్తోంది. నాకు ప్రాణం లేచొచ్చింది. నా కవరూ ఎర్రదే, పైన నేనే కోసిన బంగారు రంగు అక్షరం. ఆవిడ అయిదు ఇరవైలు లెక్కపెట్టింది. తరవాత ఒంటరిగా ఒక డాలర్ నోటు బయటికొచ్చింది. పెన్ను ఆగిపోయింది.

పాపం అర్థం కాలేదేమో, సాయం చేద్దామనుకున్నాను.

"అది పొరపాటు కాదు ఆంటీ. కావాలనే పెట్టాను."

"కావాలనా?"

"మా ఆచారం. ఈ ఇంట్లో ఇది ఇక్కడితో ఆగిపోకూడదని. ఒకదాని తరవాత ఒకటి వస్తూనే ఉండాలని."

ఆవిడ ముఖం పాలిపోయింది. చైనీస్‌లో ఏదో అంది. ఇద్దరు పెద్దవాళ్ళు వచ్చి ఆ డాలర్ వైపు చూశారు, నా వైపు చూశారు. తరవాత అందరూ కలిసి వీల్‌చైర్‌లో కూర్చున్న గ్రేస్ నాయనమ్మ వైపు చూశారు. ఆవిడకి తొంభై ఒకటి. నేను కూడా చూసి, చక్కగా నవ్వి, నమస్కారం పెట్టాను.

గ్రేస్ గౌను ఎత్తి పట్టుకుని వచ్చింది. నన్ను పక్కకి లాగింది.

"మాలో శుభానికి అన్నీ జంటలు. వంద మీద ఒకటి ఇచ్చేది చావుకి. దుఃఖం ఆ ఒక్కదానితో అయిపోవాలి, రెండోది రాకూడదని."

"అయ్యో. నేనేమన్నానంటే..."

"రెండోది రావాలన్నావు. మూడోది కూడా."

ఇంతలో నాయనమ్మ ఏదో అడిగింది. గ్రేస్ చెవిలో చెప్పింది. ముసలావిడ నన్ను కిందనుంచి పైదాకా చూసి ఒక మాటంది.

"ఏమంటున్నారు?" అన్నాను.

"తన ఒక్కదానికే అయితే నూటొక్కటి మరీ తక్కువట."

నవ్వింది ఆవిడ ఒక్కతే. లియాంగ్ అంకుల్ నవ్వలేదు.

పది రకాలు వడ్డించారు. ఎదురుగా గోడ మీద నా అక్షరమే. రెండు డోళ్ళు, రెండు నోళ్ళు. మూడు వారాలు దాన్ని కొలిచాను, కోశాను, నాలుగు భాషల్లో పలికాను. అది మొదటినుంచీ రెండు, రెండు అని నోరు తెరిచి చెప్తూనే ఉంది. చిన్నప్పటినుంచీ లెక్కల్లో ఫస్ట్ నేను.

ఆదివారం గ్రేస్ ఫోన్ చేసింది. "నాన్న ఆ కవర్ ఇంట్లో పెట్టనివ్వలేదు, రెస్టారెంట్‌లోనూ పెట్టనివ్వలేదు. తన కార్ డిక్కీలో పెట్టారు. ఇప్పుడు ఆ కార్ ఎవరూ ఎక్కడం లేదు. తిరిగిచ్చేస్తే నీకు అవమానమని ఊరుకున్నారు. నువ్వే ఎలాగో సరిచెయ్యి."

"మరి అద్దాలు?"

"ముందు కార్ సంగతి చూడు."

అమ్మకి చెప్పాను. "దానికేముంది, ఇంకో డాలర్ ఇస్తే సరిసంఖ్య అవుతుంది" అంది.

"ఒక్క డాలర్ కవర్లో పెట్టి ఇస్తే అదింకో చావు అమ్మా."

జూన్ జంతిక నములుతూ అన్నాడు, "పోనీ మళ్ళీ నూటొక్కటి ఇవ్వు. రెండూ జంట."

"రెండు చావులు."

కాగితం తీసుకుని గంట కూర్చున్నాను. బేసిని సరి చేయాలంటే ఇంకో బేసే కలపాలి. ఏ కవర్ ఇచ్చినా చావు కవరే. ఏ బడిలో చెప్పినా ఇదే లెక్క, తప్పించుకునే దారి లేదు. కలపడానికి లేదు కాబట్టి మిగిలింది తీసేయడమే. నూటొక్కటిలోంచి ఒకటి తీస్తే వంద.

"ఇచ్చింది వెనక్కి అడుగుతావా? మన ఇంటావంటా లేదు" అంది అమ్మ.

"కలపమన్నది నువ్వే కదమ్మా."

అమ్మ కుక్కర్ వైపు తిరిగిపోయింది.

అందుకే ఇక్కడున్నాను. మెషీన్, రోల్స్, కవర్ పోను అకౌంట్‌లో ఇరవై ఎనిమిది డాలర్లు మిగిలాయి. అద్దంలోంచి అంకుల్ కనిపిస్తున్నారు, నా జంట సంతోషం వెనకాల నిలబడి నా కార్ వైపే చూస్తున్నారు. "అంకుల్, నా డాలర్ నాకిచ్చేస్తారా" అని పదిసార్లు అనుకుని చూసుకున్నాను. పదోసారి కూడా బిచ్చం అడిగినట్టే ఉంది. ఆయన ఇస్తే నా దగ్గర ఇరవై తొమ్మిది అవుతాయి. అదీ బేసే.

సీట్ బెల్ట్ తీశాను. తలుపు తెరుస్తున్నాను.