తప్పు కొట్టిన వాక్యం

మా అమ్మాయి కొత్త ఇంగ్లీషు వాచకం తెరిచినప్పుడు వచ్చే అచ్చు వాసనకు ఇంకెవరికైనా బాల్యం తియ్యగా గుర్తొస్తుందేమో గానీ, నాకు మాత్రం ఒళ్లు మండుతుంది, ముందు మా ఇంగ్లీషు సారు మీద, ఆ తర్వాత నా మీద.

డోన్ దగ్గర మా ఊరి బడిలో నేను ఏడో తరగతి లీడర్‌ని. ఎండలు ముదిరి ఒంటిపూట బళ్లు మొదలయ్యాక, నాపరాళ్లు పరిచిన గదిలోకి గాలికి కొట్టుకొచ్చిన ఎర్రదుమ్మంతా పొద్దున్నే ఊడ్చి, నీళ్లు చల్లి, సారు కుర్చీ తుడిచే వంతు ఎవరిదో నేనే పేర్లు చదివేదాన్ని. ఆ పేర్లన్నీ ఎస్సీ కాలనీ ఆడపిల్లలవే. పెద్ద రైతుల పిల్లలం మేము అంతసేపూ గోడ నీడన అచ్చనగండ్లు ఆడుతూ, ఉప్పూకారం అద్దిన మామిడి ముక్కలు చప్పరిస్తూ కూర్చునేవాళ్లం. ఆ జాబితా సారు రాసిచ్చిందే. ఇదేమని నేను ఒక్కరోజూ అడగలేదు.

ఒకనాడు సారు పార్షియాలిటీ, డిస్క్రిమినేషన్ అని బోర్డు మీద రాసి, పక్షపాతం, వివక్ష అని అర్థాలు చెప్పి, సొంత వాక్యాలు రాయమన్నాడు. బాగా రాసినవాళ్లను డోన్‌లో జరిగే ఇంగ్లీషు పోటీకి పంపుతానన్నాడు. మా అవ్వ బనగానపల్లె మామిడిపండు కోసి చెంపలు తమ్ముడికి పెట్టి నాకు టెంక ఇస్తుందనీ, అది పార్షియాలిటీ అనీ నేను రాస్తే, ఆయన మురిసిపోయి క్లాసంతటికీ చదివి వినిపించాడు. నా జాబితాలో తప్పకుండా ఉండే సుజాత మాత్రం, మా కాలనీ పిల్లలతోనే గది ఊడ్పించడం డిస్క్రిమినేషన్ అని రాసింది. అందరికంటే ఇంగ్లీషు బాగా వచ్చిందీ, పోటీకి పోవాలని ఎక్కువ ఆశపడిందీ ఆ పిల్లే. సారు ఆ వాక్యానికి అడ్డంగా ఎర్రగీత కొట్టి, మాట వాడటం రాలేదని ఆ పిల్లను నిలబెట్టి తిట్టి, నన్ను లేపాడు.

“చెప్పుమ్మా, ఎవరన్నా బలవంతంగా ఊడ్పిస్తాండారా?”

“లేదు సార్. వాళ్లంతకు వాళ్లే చేస్తాండారు.”

సుజాత కూర్చోకుండా నన్నే చూస్తూ నిలబడింది. పోటీకి నన్ను పంపారు. బహుమతి వచ్చిందని ఇంట్లో ఓళిగలు చేస్తే, సిగ్గు లేకుండా తిన్నాను.

ఇప్పుడా గది లేదు, ఆ గోడ నీడ లేదు, సారూ పోయాడు. మొన్న డోన్ బస్టాండులో సుజాత కనిపిస్తే దగ్గరికెళ్లి పలకరించి, ఆ రోజు నీ వాక్యమే సరైనదని చెప్పేశాను. పోనీలే అంటుందని ఆశపడ్డాను, దాచడమెందుకు. ఆమె సంచీ భుజానికి తగిలించుకుని, నా మొహంలోకి చూసింది.

“అది తప్పని నేనెప్పుడనుకుంటిని? మార్కులేసేకి నువ్వెవరు?”