బావ చేతి గుర్తులు

మొన్న మా కాలనీ దవాఖానలో నా ముందు కూర్చున్న ముసలామెను, తల మీద ఎవరైనా కొట్టారా అని డాక్టరు అడిగేసరికి, అక్కడున్న అందరి చూపులూ ఆమె వెనక నిలబడ్డ కోడలి మీదికి పోయాయి. నా చూపూ పోయింది. మరుక్షణం సిగ్గేసి తల దించుకున్నాను. అట్లాంటి చూపుతోనే ఒకప్పుడు నేను మా బావను దూరం చేసుకున్నాను.

అప్పట్లో బావా నేనూ గోదావరిఖనిలో ఒకే గనిలో, ఒకే షిఫ్టులో పనిచేసేవాళ్లం. మనిషి మంచివాడే కానీ కోపం ముక్కు మీద ఉండేది. కూరలో ఉప్పు తగ్గితే ఆయన అరుపు పక్క క్వార్టర్ల దాకా వినిపించేది. ఆ రోజుల్లో మా అక్కకు ఉన్నట్టుండి తలనొప్పి పట్టుకుని, మూడు వారాలైనా వదల్లేదు. గోలీలు మింగుతూనే వంట చేసేది. ఒకరోజు వాళ్లింటికి వెళ్తే, ఆమె మోచేతి పైన నాలుగు వేళ్ల గుర్తులు కమిలిపోయి కనిపించాయి. ఏమిటని అడిగితే, "ఏం లేదురా, మీ బావ పట్టుకున్నడు" అంది. ఇంకేమీ అడగకుండా వచ్చేశాను. కానీ ఆ రోజు నుంచి బావ ప్రతి మాటలోనూ, అక్క ప్రతి మౌనంలోనూ ఏదో వెతకడం మొదలుపెట్టాను.

వారం తిరక్కుండానే అక్క వాంతులు చేసుకుని మగతలో పడిపోతే కరీంనగర్ తీసుకుపోయాం. స్కానింగు చూసిన డాక్టరు, మెదడు చుట్టూ నెత్తురు చేరిందని, తలకు దెబ్బేమైనా తగిలిందా అని అడిగాడు.

"ఏ దెబ్బా లేదు సార్" అన్నాడు బావ.

"దెబ్బ తగలకుండ నెత్తురెట్ల వస్తది? ఏం చేసినవ్ మా అక్కను?" అంటూ, తోడొచ్చిన షిఫ్టు వాళ్లందరి ముందే ఆయన అంగీ పట్టుకున్నాను. ఆయన నా చేతులు విడిపించుకుని అక్క మంచం దగ్గరికి పోయాడు. తప్పు చేశాడు కాబట్టే తప్పించుకుంటున్నాడనుకున్నాను.

అక్కడి నుంచి హైదరాబాదు పంపారు. అక్కడ ఒక డాక్టరమ్మ, అంతవరకూ ఎవరూ అడగని మాట అడిగింది, నిలబడితే నొప్పి పెరిగి పడుకుంటే తగ్గుతుందా అని. అవునని అక్క తలూపింది. వీపుకు స్కానింగు తీస్తే, వెన్నుపాము చుట్టూ ఉండే పొర సన్నగా చిరిగి లోపలి నీరు కారిపోతోందని తేలింది. ఆ నీటి ఆసరా తగ్గి మెదడు కిందికి జారిందట. దాంతో చుట్టూ ఉన్న సన్నటి రక్తనాళాలు సాగి, తెగి, నెత్తురు చేరిందట. దీనికి దెబ్బే తగలక్కర్లేదని, కొందరికి బరువెత్తినా చాలని, కొందరికైతే ఏ కారణమూ కనిపించదని చెప్పింది. అక్క చేతి నుంచే నెత్తురు తీసి వీపులోకి ఎక్కిస్తే, అది గడ్డకట్టి ఆ చిరుగు మూసుకుపోయింది. తలలో చేరిన నెత్తురు మెల్లగా ఇంకిపోయింది.

కాస్త తేరుకున్నాక అక్క నన్ను దగ్గర కూర్చోబెట్టుకుంది.

"ఆ దినం పొద్దుగాల లేవంగనే కండ్లు తిరిగి పడబోయిన. మీ బావ రెక్క పట్టి ఆపిండు. గదే చెప్పిన నీకు. ఎందుకు పట్టుకున్నడని ఒక్క మాటన్న అడగకపోతివి."

బావ కాళ్ల మీద పడ్డాను. "అయిందేదో అయిపాయె" అన్నాడు, అంతే.

అక్క ఇప్పుడు మనవరాళ్లకు జడలు వేస్తూ చల్లగా ఉంది. మా ఇద్దరి డ్యూటీలూ అయిపోయి ఏళ్లు గడిచాయి. బావ ఇప్పటికీ ప్రతి పండుగకూ పిలుస్తాడు, పక్కన కూర్చోబెట్టుకుని దగ్గరుండి వడ్డిస్తాడు, ఏ లోటూ చేయడు. కానీ అంతకుముందు "ఏంరా బామ్మర్ది" అని భుజమ్మీద చెయ్యేసే మనిషి, ఆనాటి నుంచి నన్ను 'మీరు' అంటున్నాడు.